పుదీనా నల్లబడింది, మునగాకు పొడి గడ్డకట్టింది: తేడా ఎక్కడొచ్చింది?

విజయవాడ నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. బెంగళూరులో ఉద్యోగం చేసే అమ్మాయికి పంపాలని ఇంట్లోనే ఆకులు ఎండబెట్టారు. రోహిణి కార్తెలో మేడమీద పాత చీర పరిచి పోసిన పుదీనా నల్లగా అయిపోయింది, కరివేపాకు గోధుమరంగుకి తిరిగి వాసన పోయింది. ఆషాఢంలో హాల్లో ఫ్యాన్ కింద ఆరబెట్టిన మునగాకు మాత్రం పచ్చగా, గలగలలాడుతూ వచ్చింది. ఒకరోజు రాత్రి పనులన్నీ అయ్యాక దాన్ని మిక్సీ పట్టి సీసాలో పోస్తే పన్నెండు రోజులకే గడ్డకట్టి ముక్కిపోయిన వాసన కొట్టింది. ‘ఎండ ఎక్కువై ఒకటి పోయింది, ఎండ చాలక ఇంకొకటి పోయింది, డీహైడ్రేటర్ (వేడిగాలితో ఆరబెట్టే మిషన్) కొనమంటారా?’ అని అడిగారు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంటినుంచే ఇరవై ఏళ్ళుగా పొడులు, నిలవ పచ్చళ్ళు చేసి ఇస్తున్నాను. మీరు చేసిన రెండు తప్పులూ నేనూ చేశాను, కాకపోతే కిలోల లెక్కన. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

మన మాటల్లోనే తేడా ఉంది చూడండి. మిరపకాయల్ని ఎండబెడతాం, తడిబట్టల్ని ఆరబెడతాం. ఆకుల్ని తడిబట్టల్లా చూడాలి. గుంటూరు చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళకి చిన్నప్పటినుంచి కళ్ళాల్లో పరిచిన మిరపకాయలే కళ్ళముందుంటాయి కాబట్టి, ఎండాలంటే ఎర్రటి ఎండే కావాలని మనసులో పడిపోతుంది. కాయ సంగతి వేరు. దానికి మందపాటి తోలుంది, లోపల గింజ ఉంది, రోజుల తరబడి ఎండ తగిలితేగానీ లోపలి తేమ బయటికి రాదు. ఆకు పల్చన. దాని తేమ బయటికి పోవడానికి ఎంతోసేపు పట్టదు, పక్కన గాలి కదులుతుంటే చాలు. అంతకుమించి వేడి తగిలితే నీటితోపాటు వాసననిచ్చే నూనెలు కూడా ఎగిరిపోతాయి. మేడమీద ఘుమఘుమలాడుతోంది, బాగా ఎండుతోంది అని మనం మురిసిపోతాం. ఆ వాసన అప్పుడే ఆకులోంచి వెళ్ళిపోతోందని అర్థం.

రంగు మారడానికి కారణం మీ వంటింట్లోనే రోజూ కనిపిస్తుంది. గోంగూర పొయ్యిమీద పెట్టిన రెండు నిమిషాలకే పచ్చదనం పోయి మట్టిరంగుకి వస్తుంది కదా. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం నడుమ మెగ్నీషియం ఉంటుంది. వేడికి ఆకులోని పులుపు దాన్ని తప్పిస్తుంది, పచ్చరంగు బూడిద పచ్చగా, గోధుమగా మారుతుంది. గోంగూరలో పులుపు ఎక్కువ కాబట్టి వెంటనే కనిపిస్తుంది. మిగతా ఆకుల్లోనూ పులుపు కొంత ఉంటుంది, రోహిణి ఎండలో కాలే డాబా మీద పోస్తే అదే పని నెమ్మదిగా జరుగుతుంది. మీ కరివేపాకుకి జరిగిందదే.

పుదీనాది ఇంకో కథ. కోసిన వంకాయ ముక్క నీళ్ళలో వేయకపోతే ఎందుకు నల్లబడుతుందో నలిగిన పుదీనా కూడా అందుకే నల్లబడుతుంది. ఆకు నలిగినచోట లోపలి రసానికి గాలి తగిలి రంగు తిరుగుతుంది. కట్టని గట్టిగా పట్టుకుని కుళాయి కింద రుద్ది కడిగారా? తడి పూర్తిగా దులపకుండా గుట్టగా పోశారా? ఈ రెండింట్లో ఒకటైనా చేసి ఉంటారు. పుదీనాని వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి, అందులో తేలనిచ్చి, చేత్తో పైకి తీయాలి. మట్టి అడుగున ఉండిపోతుంది. రెండు మూడు నీళ్ళు మార్చాక తువ్వాలుమీద పరిచి, పైన ఇంకో తువ్వాలు వేసి మెల్లగా అద్దాలి. పిండకూడదు. తర్వాత ఆకులు తుంచాలి. కాడలు వదిలేయండి, అవి ఆరేలోపు ఆకు పాడవుతుంది.

ఇక మీ మునగాకు. దాన్ని మీరు బాగానే ఆరబెట్టారు, చెడిపోయింది ఆ తర్వాత. రాత్రి పనులయ్యాక పొడి చేశానని రాశారే, తేడా అక్కడొచ్చింది. ఎండిన ఆకు అప్పడం లాంటిది. గాలిలో చెమ్మ ఉంటే పీల్చుకుంటుంది. మన కృష్ణా ఒడ్డున, అదీ వానాకాలంలో, మధ్యాహ్నం కాస్త పొడిగా ఉన్న గాలి పొద్దుపోయేసరికి చెమ్మగిల్లుతుంది. మధ్యాహ్నం రెండింటికి చేత్తో పట్టుకుంటే పిండైపోయే ఆకు రాత్రి పదింటికి అదే హాల్లో, అదే ఫ్యాన్ కింద మెత్తబడి ఉంటుంది. మీరు దాన్ని మిక్సీ వేశారు. పొడి చేస్తే తేమ పీల్చే ఉపరితలం ఇంకా పెరుగుతుంది. ఆ చెమ్మతో సహా సీసాలో పోసి మూత బిగించారు. ఇంకేం, గడ్డ కట్టింది.

కాబట్టి ఆకుల్ని డబ్బాలో పెట్టే వేళ మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య. అది కుదరకపోతే ఆ రోజుకి ఆపేసి మర్నాడు మధ్యాహ్నం పెట్టండి. సాయంత్రం అయిదు దాటాక ఆకు ఎంత గలగలలాడినా నేను డబ్బా మూత తీయను. ఆరే రోజుల్లో కూడా సాయంత్రం కాగానే ఆకుల్ని దగ్గరికి తీసి, మూతున్న స్టీలు డబ్బాలోకో, బిగుతైన గుడ్డసంచీ మీద ప్లాస్టిక్ సంచీ వేసో ఉంచి, పొద్దున్న మంచు చెమ్మ పోయాక, తొమ్మిదింటికి మళ్ళీ పరుస్తాను. మొదటిరోజు మాత్రం అలా మూయకూడదు, ఆకు ఇంకా తడిగా ఉంటుంది, మగ్గిపోతుంది. మొదటి రాత్రి ఫ్యాన్ కిందే వదిలేయాలి.

ఆ మగ్గిపోవడం గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక ఆషాఢంలో ఆర్డరొచ్చిందని ఆరు కిలోల మునగాకు తెప్పించాను. రెమ్మలు దూసేసరికే చీకటి పడింది. అలసిపోయి, పొద్దున్నే పరుద్దాంలే అని రెండు గోనెసంచుల్లో కూరి పక్కన పెట్టాను. పొద్దున్న సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, ఆవిరి పట్టిన గడ్డివాములో చెయ్యి పెట్టినట్టు. కోసిన ఆకు ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, గుట్టగా ఉంటే ఆ వేడి పోయే దారి ఉండదు. పైపైన పచ్చగా ఉందని పరిచేశాను. ఆరాక పసుపుపచ్చగా వచ్చింది, పొడి చేస్తే కుళ్ళిన గడ్డి వాసన. మొత్తం పారబోశాను. మా అత్తగారు ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. అప్పటినుంచి మా ఇంట్లో మునగాకు సాయంత్రం వచ్చిందంటే, దూసినా దూయకపోయినా, రాత్రికి నేలమీద పరిచి ఉండాల్సిందే.

ఎలా పరచాలంటే, నాకు తెలిసినంతలో నులక మంచాన్ని మించింది లేదు. కిందనుంచి కూడా గాలి ఆడుతుంది. మంచం మీద పల్చటి నూలు చీరో, పాత ధోవతో వేసి, ఆకు మీద ఆకు పడకుండా పరచాలి. మంచం లేకపోతే రెండు కుర్చీల మధ్య దోమతెర గుడ్డ బిగించి కట్టినా చాలు. పాలియెస్టర్ చీర వద్దు, తడి పీల్చదు. వార్తాపత్రికలు అసలొద్దు, ఆ సిరా తినే పదార్థానికి తగలకూడదు. ఫ్యాన్ సగం స్పీడులో పెట్టండి, లేకపోతే మునగాకు సోఫా కింద, దేవుడి గదిలో, అన్నిచోట్లా దొరుకుతుంది. పైన ఇంకో దోమతెర వేస్తే ఎగరదు, ఈగలూ వాలవు. రోజుకి రెండుసార్లు వేళ్ళతో అలా కదపండి.

ఎయిర్ కూలర్ పెట్టి ఆరబెట్టానని మా పక్కింటావిడ ఒకసారి గొప్పగా చెప్పింది. కూలర్ చేసే పనే గాలిలోకి తేమ వదలడం! అదే ఏసీ అయితే గాలిలోంచి తేమ లాగేస్తుంది. ఇంట్లో ఏసీ ఉంటే వానరోజుల్లో అదే మీ డీహైడ్రేటర్. రాత్రి ఎలాగూ వేసుకుంటారు కదా, ఆ గదిలో ఒక మూల మంచం మీద పరిచి, తలుపులు మూసి, టేబుల్ ఫ్యాన్ మెల్లగా తిప్పండి. ఏసీ ఆపేసి కిటికీ తెరిచే ముందే ఆకు తీసి డబ్బాలో వేయాలి. పగలంతా ఆఫీసులో ఉండేవాళ్ళకి ఇదే సులువు. ఇలా చేస్తే ఇందాక చెప్పిన మధ్యాహ్నం నియమం కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఆ గదిలో గాలి పొడిగానే ఉంటుంది.

‘ఎండింది’ అని ఎలా తెలుస్తుంది? ఆకు గలగలలాడితే సరిపోదు. ఆకు కొసలు ముందు ఎండుతాయి, నడి ఈనె ఆఖర్న ఎండుతుంది. ఒక కరివేపాకు తీసుకుని ఈనె వెంట మడవండి. పుటుక్కున విరిగితే ఎండినట్టు. వంగి, మళ్ళీ నిదానంగా విచ్చుకుంటే ఇంకో రోజు కావాలి. మునగాకు అయితే గుప్పెడు తీసుకుని నలిపి, గుప్పిట తెరిచి ఊదండి. ఎగిరిపోవాలి. అరచేతికి అంటుకున్నది ఒక్కటున్నా ఎండలేదన్నమాటే.

నాకు ఇంకా నమ్మకమైంది తూకం. కడగకముందు, కాడలు తీసేసిన ఆకుని వంటింటి తరాజు మీద తూచి రాసుకోండి. మునగాకులో నూటికి 75 పాళ్ళ పైన నీళ్ళే, కాబట్టి కిలో ఆకు సుమారు 260 గ్రాములకి దిగాలి. పుదీనా, కొత్తిమీర, మెంతికూరలో నీళ్ళు ఇంకా ఎక్కువ, 85 పాళ్ళ దాకా ఉంటాయి. అవి కిలోకి 150, 160 గ్రాములే మిగులుతాయి. కరివేపాకులో నీళ్ళు తక్కువ, మూడింట రెండు వంతుల లోపే, అందుకని 390 గ్రాముల దాకా వస్తుంది. లేత ముదురుని బట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ కిలో మునగాకు 320 దగ్గర ఆగిపోయిందంటే ఎంత గలగలలాడినా అందులో నీళ్ళున్నట్టే. మీ సీసాలోది తూచి ఉంటే ఆ రాత్రే తెలిసిపోయేది.

తరాజు లేకపోతే గాజుసీసా పరీక్ష ఉంది. ఎండిందనుకున్న ఆకుని పొడిసీసాలో సగం దాకా వేసి, మూత బిగించి, కిటికీ దగ్గర ఒక పూట పెట్టండి. లోపలి గోడకి సన్నటి ఆవిరి పట్టినా, ఆకులు ఒకదానికొకటి అంటుకున్నా మళ్ళీ పరచాలి. అలా రెండు రోజులు చూసి అప్పుడు డబ్బాకెక్కించాలి. పొడి మాత్రం అప్పుడే చేయొద్దు. ఆకు ఆకుగా ఉంటే వాసన నెలల తరబడి నిలుస్తుంది, పొడి చేస్తే వారాల్లో తగ్గుతుంది. అమ్మాయికి కూడా ఆకులే పంపండి. బెంగళూరులో మిక్సీ ఉంటుంది కదా, వారానికి సరిపడా తిప్పుకుంటుంది. పొయ్యి పక్క అరలో పెట్టొద్దని, ఉడికే పప్పు మీద డబ్బా వంచి దులపొద్దని కూడా చెప్పండి. ఆ ఆవిరంతా డబ్బాలోకే పోతుంది.

అన్ని ఆకులూ ఎండబెట్టదగ్గవి కావు. ఇది ముందే చెప్పాల్సింది. కొత్తిమీర ఎండబెట్టడం దండగ. పచ్చి కొత్తిమీరకి ఆ వాసననిచ్చేవి చాలా తేలిగ్గా ఎగిరిపోతాయి, మిగిలేది పచ్చటి చెత్త. దాన్ని వేళ్ళతో సహా గ్లాసు నీళ్ళలో నిలబెట్టి పైన కవరు తొడిగి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా చింతపండు వేసి నిలవ పచ్చడి చేయండి. కరివేపాకు కూడా తాలింపు కోసం ఎండబెట్టొద్దని నా సలహా. ఎంత నీడన ఆరబెట్టినా సగం వాసన పోతుంది. రెబ్బలు కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెడితే తాలింపులో చిటపటలాడుతుంది. పొడికి మాత్రం ఆరిన కరివేపాకే బాగుంటుంది, వేయించేటప్పుడు చెంచా నూనెలో వాసన కొంత మళ్ళీ లేస్తుంది. గుప్పెడే కావాలంటే మైక్రోవేవ్ చాలు. పళ్ళెంలో టిష్యూ వేసి, ఆకులు విడివిడిగా పరిచి, అర నిమిషం చొప్పున తిప్పి చూస్తూ పోతే రెండు నిమిషాల్లోపే కరకరలాడుతుంది, రంగు కూడా చెడదు. పక్కనే నిలబడాలి సుమా, ఎండిపోయాక ఇంకో అర నిమిషం ఉంచితే నిప్పంటుకుంటుంది.

వాము ఆకు మందం, అది కుళ్ళుతుందేగానీ ఎండదు. బజ్జీలు వేసుకోండి. మెంతికూర బాగా ఆరుతుంది, కానీ కసూరి మేథీ వాసన రాలేదని నిరాశ పడొద్దు. రాజస్థాన్‌లో నాగౌర్ వైపు పండించే ఆ మెంతి జాతే వేరు. తులసి, చింతచిగురు నీడన చక్కగా ఆరతాయి. చింతచిగురు వేసవి మొదట్లో దొరికినప్పుడు రెండు కిలోలు ఆరబెట్టి ఉంచుకుంటే కార్తీకం దాకా పప్పులోకి లోటుండదు. అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఊదేయడమే పని. గోంగూర పూర్తిగా ఎండబెట్టే అలవాటు మా ఇంట్లో లేదు. నిలవ పచ్చడికి ఒక పూట నీడన వాడ్చి, తడి లేకుండా చూసుకుని నూనెలో మగ్గిస్తాం, అంతే.

కరివేపాకు విషయంలో ఇంకో మాట. మంగళగిరి దాటి పెదవడ్లపూడి వైపు తోటల్లో కరివేపాకు పంటగా వేస్తారు. మార్కెట్లో దొరికే ఆకు పెరటి చెట్టుది కాదు, పంట అన్నాక మందు కొడతారు. యూరప్‌లో మన దేశం నుంచి వెళ్ళే కరివేపాకుని సరిహద్దులోనే పురుగుమందుల కోసం పరీక్షిస్తారు. ఆకు ఎండితే నీళ్ళు పోతాయిగానీ మందు పోదు, పైగా కిలోలో ఉన్నది 390 గ్రాముల్లోకి చేరుతుంది. కాబట్టి ఉప్పు నీళ్ళలో పావుగంట ఉంచి, మళ్ళీ రెండుసార్లు మంచినీళ్ళలో జాడించండి. పైన ఉన్నది కొంత పోతుంది, లోపలికి ఇంకినది పోదు. అందుకే పొడికి నేను తెలిసినవాళ్ళ పెరటి ఆకే తెచ్చుకుంటాను.

డీహైడ్రేటర్ గురించి. అది చేసే పనిలో మాయేమీ లేదు. 28 డిగ్రీల్లో 85 శాతం తేమ ఉన్న వానాకాలపు గాలిని 43 డిగ్రీలకి వేడి చేస్తే, అదే గాలిలో తేమ 40 శాతం లోపుకి దిగుతుంది. ఆ గాలి ఆకుల మీదుగా పోతే చాలు. ఆకులకి 40 నుంచి 45 మధ్య పెట్టాలి, అంతకు మించొద్దు. నెలనెలా నాలుగైదు కిలోల మునగాకు చేసేవాళ్ళకి కొనదగ్గదే, నేనూ కొన్నాను. మిషన్ అడుగున ఫ్యాన్ ఉండే రకమైతే గంటకోసారి ట్రేలు మార్చాలి, మునగాకు కన్నాల్లోంచి రాలిపోకుండా దోమతెర ముక్క కత్తిరించి వేసుకోవాలి. కేవలం అమ్మాయికి రెండు డబ్బాలు పంపడానికైతే వద్దు. ఆ డబ్బుతో మంచి తరాజు, రెండు గాజుసీసాలు కొని, మిగిలింది దాచుకోండి. ఇంట్లో ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది కదా అనుకుంటారేమో, చాలావాటిలో అన్నిటికన్నా తక్కువ వేడి కూడా ఆకుకి ఎక్కువే.

గడ్డకట్టిన పొడిని మళ్ళీ ఎండబెట్టి జల్లెడ పట్టి వాడొచ్చా అని మీరు అడగలేదు, కానీ ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. మెత్తబడి గడ్డలైందంతే, వాసన మారలేదు అంటే ఆరబెట్టి వాడొచ్చు. మీది ముక్కిపోయిన వాసన కొట్టింది. అంటే బూజు మొదలైంది, కంటికి కనబడకపోవచ్చు. కొన్ని బూజులు వదిలే విషం వేయించినా పోదు. మిరపకాయల్లో అఫ్లాటాక్సిన్ అనే అలాంటి విషం భయంతో బూజు కాయలు ఏరేసేది అందుకే. మునగాకు పోతే పోయింది, చెట్టు మళ్ళీ చిగురేస్తుంది. పారేయండి, మొక్కల్లో కూడా వేయొచ్చు. సీసాని మాత్రం వేడినీళ్ళతో కడిగి, మూతలో ఉన్న రబ్బరు చుట్టు తీసి దాని వెనక కూడా రుద్దండి. పాత బూజు అక్కడే దాక్కుంటుంది.